తీగకు బంగారమెందుకు?

కొత్త టీవీ కొన్న ప్రతి ఇంట్లోనూ వచ్చే సందేహమే ఇది... నాలుగొందల హెచ్‌డీఎంఐ కేబుల్ సరిపోతుందా, నాలుగు వేలది కొనాలా? నన్నడిగితే మొదటిదే చాలంటాను.

యాంటెన్నా రోజుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారేది. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి మాత్రం ఒకట్లూ సున్నాలూ. అవి సరిగ్గా అందితే బొమ్మ పూర్తిగా వస్తుంది. అందకపోతే చుక్కలు మెరుస్తాయి, తెర నల్లబడుతుంది. అంతేతప్ప తీగ ఖరీదు పెరిగితే రంగులు నిండుగా మారవు. బంగారు పూత కూడా తుప్పు పట్టకుండా ఉండటానికే!

అలాగని ఏదో ఒకటి తెచ్చేయకూడదు. 4కే బొమ్మకి సెకనుకు 18 గిగాబిట్లు మోసే 'ప్రీమియం హైస్పీడ్' చాలు. 8కేకీ, 120 ఫ్రేముల గేములకీ 48 గిగాబిట్ల 'అల్ట్రా హైస్పీడ్' కావాలి. ప్యాకెట్ మీద ఫోన్‌తో స్కాన్ చేసే ధ్రువీకరణ లేబుల్ ఉందో లేదో చూసుకోవాలి. తీగ పొడవు పెరిగేకొద్దీ నాణ్యతా ముఖ్యమే.

మా నాన్నకి కొత్త టీవీలో మాటలు వినబడేవి కాదు. 'ఏమన్నాడూ?' అని అమ్మని అడిగీ అడిగీ, చివరికి చూడటమే తగ్గించేశారు. ఆ సంగతి చెబితే షాపతను నాలుగు వేల కేబుల్ చూపించాడు. లోపం తీగది కాదు... పల్చటి టీవీలో ఇమిడే బుల్లి స్పీకర్లది. నాన్న పింఛను డబ్బుతో ఆ కేబుల్ బదులు చిన్న సౌండ్‌బార్ కొన్నాం. ఇప్పుడాయన రాత్రి వార్తలు అయ్యేదాకా కుర్చీ వదలడం లేదు.

డబ్బు పెట్టాల్సింది చెవికి, కంటికి తేడా తెలిసేచోటే కదా!