కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

మాంచెస్టర్‌లో కొత్తవాళ్ళని కులగోత్రాలు అడగరు గానీ ‘ఎరుపా, నీలమా?’ అని మాత్రం తప్పకుండా అడుగుతారు. మాది ఎరుపని, అంటే యునైటెడ్ అని, మా వాడు ఐదో ఏటే తేల్చేశాడు. వాడు గోల్స్ లెక్కపెడతాడు. అకౌంటెంటుని కాబట్టి నేను పద్దులు లెక్కపెడతాను. మా ఇంట్లో ఫుట్‌బాల్ చర్చంటే ఈ రెండు లెక్కల మధ్య తగాదాయే.

2025లో యునైటెడ్ లీగులో పదిహేనో స్థానంలో తేలింది. యూరోపా ఫైనల్ కూడా ఓడిపోవడంతో మరుసటేడు యూరప్ పోటీల రాబడి సున్నా. జట్టుని మళ్ళీ కట్టాలంటే అక్కర్లేనివాళ్ళని అమ్మాలి. రాష్‌ఫోర్డ్, గర్నాచో, ఆంటోనీ, సాంచో, మలాసియా – ఐదుగురికీ ప్రాక్టీసు వేరు చేశారు, పెళ్ళిలో అలిగిన బావగార్లకి వేరే గది ఇచ్చినట్టు. సంతలో ఎద్దుని అమ్మేవాడు దాని పళ్ళు చూపించి పొగుడుతాడు. అమ్మేవాడే ‘మాకిది వద్దు’ అని ఊరంతా చాటాక ధర ఏం పలుకుతుంది చెప్పండి?

ఆంటోనీని 2022లో సుమారు 8 కోట్ల పౌండ్లకి కొన్నారు, ఐదేళ్ళ కాంట్రాక్టు. మా పద్ధతిలో ఆ ఖరీదుని ఐదేళ్ళకీ పంచుతాం, ఏటా 1.6 కోట్లు. మూడేళ్ళయ్యాక కూడా పుస్తకంలో 3.2 కోట్లు మిగిలే ఉంటాయి. బెటిస్ ఇస్తానన్నది షరతుల సొమ్ముతో కలిపినా 2.2 కోట్ల లోపే. తేడా అంతా నష్టం. సాంచోది మరీ విడ్డూరం. 7.3 కోట్ల మనిషిని అద్దెకి తీసుకున్న చెల్సీ, కొనే షరతు తప్పించుకోడానికి 50 లక్షలు ఎదురిచ్చి వెనక్కి పంపింది! జీతం దగ్గర బేరం తెగలేదు. ఇక్కడి జీతం బయట దొరకనప్పుడు ఎవరు మాత్రం కదులుతారు? కోత పెట్టగలిగింది చిన్న ఉద్యోగుల మీదే. వందల ఉద్యోగాలు పోయాయి, ఓల్డ్ ట్రాఫర్డ్ సిబ్బందికి ఉచిత భోజనం పోయి పళ్ళు వచ్చాయి.

ఐదుగురిలో మంచి ధర, 4 కోట్లు, పలికింది అకాడమీలో ఎదిగిన గర్నాచోకే. అకాడమీ కుర్రాడికి కొన్న ఖరీదు ఉండదు, లేదా నామమాత్రం. అమ్మితే వచ్చిందల్లా లాభమే. నష్టాలకి లీగు హద్దు పెట్టిన రోజుల్లో ఇదొక వరం. అందుకే కొనితెచ్చిన బరువు కదలనప్పుడు ఇంటిబిడ్డ గడప దాటాల్సి వస్తుంది.

అంతకు ముందటేడు, 2024 ఆగస్టులో, మక్‌టామినేని సుమారు 2.5 కోట్లకి నాపోలికి అమ్మేశారు. చిన్నపిల్లాడప్పటి నుంచీ ఆ క్లబ్బులోనే పెరిగినవాడు. అతని పోస్టరు మా వాడి మంచం పైనే ఉంది.

“ఆడనివాళ్ళు అంతమంది ఉండగా ఇతన్నెందుకు నాన్నా?” అన్నాడు.

“ఆడనివాళ్ళని ఎవరూ కొనర్రా.”

“అంటే బాగా ఆడితే పంపించేస్తారా?”

తెనాలి నుంచి ఫోన్లో వింటున్న మా అమ్మ, “ఆఁ, మీ నాన్నని పంపలా?” అంది. నేను వెంటనే ఏం మాట్లాడలేకపోయాను. అమ్మ కూరల సంగతిలోకి వెళ్ళిపోయింది.

2025 మే నెలలో నాపోలి ఇటలీ లీగు గెలిచింది. ఆఖరి మ్యాచిలో మక్‌టామినే గోల్ కొట్టాడు. ఆ సీజను ఉత్తమ ఆటగాడూ అతనే. మా వాడు యునైటెడ్ చొక్కాతోనే గంతులేసి, నాపోలి చొక్కా కావాలన్నాడు. నీలం చొక్కా, మా ఇంట్లో! మా ఆవిడ నా వంక చూసింది. ఆర్డరు పెట్టేశాను.