పద్నాలుగు రోజులా, పదిహేడు రోజులా?

అమెరికాలో కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన మిత్రుడొకాయన మొన్న పార్కులో, "అక్కడ కోర్టులంటే కోర్టులండీ! జైల్లో ఉన్నవాడి గోడు కూడా వింటారు" అన్నారు. దేవుణ్ణే పరీక్షించకుండా నమ్మని వాళ్ళం, కోర్టును మాత్రం ఎందుకు నమ్మాలి? ఇంటికొచ్చి బౌల్స్ వర్సెస్ రస్సెల్ కేసు మళ్ళీ చదివాను.

కీత్ బౌల్స్ ఒహాయో రాష్ట్రంలో హత్య కేసులో శిక్ష పడిన ఖైదీ. హెబియస్ కార్పస్ అనగానే మనకు పోలీసులు పట్టుకెళ్ళిన మనిషిని కోర్టులో చూపించమనడం గుర్తుకొస్తుంది. అక్కడ రాష్ట్ర కోర్టులో శిక్ష పడ్డవాడు, తన విచారణ రాజ్యాంగం ప్రకారం జరగలేదని ఫెడరల్ జడ్జికి మొరపెట్టుకునే దారి కూడా అదే. 1996లో ఒక చట్టం తెచ్చి ఈ దారిని బాగా ఇరుకు చేశారు. మామూలుగా ఏడాదిలోపు రావాలి. రాష్ట్ర కోర్టు చట్టాన్ని తప్పుగా అన్వయించిందంటే చాలదు, ఏ రకంగానూ సమర్థించలేనంత తప్పని చూపాలి.

బౌల్స్ పిటిషన్ కొట్టేశారు. అప్పీలు గడువు కూడా దాటింది. గడువు మళ్ళీ తెరవమని అడిగితే ఫెడరల్ జడ్జి ఒప్పుకుని, 2004 ఫిబ్రవరి 27 దాకా టైమిచ్చాడు. అప్పీలు 26న వేశారు. ఒకరోజు ముందే! తీరా చూస్తే నిబంధన ప్రకారం జడ్జి ఇవ్వగలిగింది 14 రోజులే, ఆయన 17 ఇచ్చాడు. 2007లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ అప్పీలు చెల్లదంది. చట్టం పెట్టిన గడువు కాబట్టి దాటితే కోర్టుకు వినే అధికారమే ఉండదని జస్టిస్ థామస్ రాశారు. జడ్జి మాట నమ్మినవాణ్ణి ఇలా చేయడం అన్యాయమని జస్టిస్ సూటర్, మరో ముగ్గురు విభేదించారు.

బౌల్స్ నిర్దోషి అని నేననడం లేదు. అతని వాదనలో పస ఉందో లేదో అప్పీలు కోర్టు చూడనే లేదు, నా అభ్యంతరమల్లా అదీ. ముహూర్తం దాటిందని పెళ్ళి ఆపేసే పురోహితుణ్ణి చూసి నవ్వుతామే, ఆ ముహూర్తం తప్పుగా చెప్పింది ఆయనే అయితే ఏమంటాం? (మనమేం తక్కువ తినలేదు లెండి. ఎమర్జెన్సీలో హెబియస్ అడిగే హక్కే లేదని 1976లో మన సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు తప్పని 2017లో గానీ కొట్టేయలేదు.)

గడువులే వద్దనను. ముప్పై ఏళ్ళు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, గడువు లేకపోతే ఏ ఖాతా ముగియదని తెలుసు. కానీ ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకొక జవాను ప్రయాణ భత్యం క్లెయిము గుర్తొస్తుంది. రూ.412. "టైమ్ బార్డ్" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపాను. అతని యూనిట్‌కు ఆఖరి తేదీ తప్పుగా చెప్పిన ఉత్తరం మా సెక్షన్‌దే. దాని ఆఫీసు కాపీ ఆ ఫైల్లోనే ఉంది, కింద సంతకం నాది. పైఅధికారి మంజూరు తెచ్చుకుంటే ఆలస్యాన్ని మన్నించే వీలుందని ఒక్క వాక్యం రాయొచ్చు. రాయలేదు. నెలాఖరు, బల్ల ఖాళీ చేయాలి.

ఆ క్లెయిము మళ్ళీ నా దగ్గరకు రాలేదు.