పోయిన ఎలక్ట్రాన్‌కి సీటు దొరకదు!

గోడలకు వేసే తెల్లరంగులోని పొడి ఎండలోంచి కరెంటు తీస్తుందని తెలిసినప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు! దాని పేరు టైటానియం డయాక్సైడ్, పొట్టిగా టైటానియా. ముడిసరుకు ఇల్మనైట్. మా ఊరు సుమ్మాదేవికి దక్షిణాన, భావనపాడు తీరపు నల్ల ఇసుకలో ఉన్నది అదే.

తెల్లగా ఉందంటేనే కంటికి కనిపించే వెలుగును అది పీల్చుకోవడం లేదన్నమాట. అందుకే దానికి రంగు పట్టిస్తారు. 1991లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో బ్రయాన్ ఓరీగన్, మైఖేల్ గ్రెట్సెల్ ఈ పొడి నానో రేణువులను గాజు మీద పూతగా పూసి, ప్రతి రేణువుకూ ఒకే ఒక్క పొర రంగు అంటించారు. సందులన్నీ కలుపుకుంటే ఆ పూత లోపలి వైశాల్యం పైకి కనిపించేదానికి వందల రెట్లు! ఎండలో 7 శాతానికి పైగా కరెంటుగా మారింది.

అసలు అద్భుతం లోపల ఉంది. వెలుగు తగలగానే రంగు అణువులోని ఎలక్ట్రాన్ శక్తి పుంజుకుని టైటానియాలోకి దూకేస్తుంది. ఎంతసేపట్లో? సెకనును కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పది లక్షల ముక్కలు చేయండి. చాలా ఎలక్ట్రాన్లకు ఆ చిన్న ముక్క చాలు! వెనక్కి రావాలంటే మాత్రం మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఈలోపే చుట్టూ ఉన్న ద్రవంలోని అయొడైడ్ రంగు అణువుకు తన ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. పలాసలో టీ కోసం రైలు దిగినవాడు తిరిగొచ్చేసరికి సీట్లో ఇంకొకరు కూర్చున్నట్టే! దూకిన ఎలక్ట్రాన్ ఇక తీగ వెంట బయట తిరిగి, పని చేసిపెట్టి, అవతలి పలక దగ్గర అయొడైడ్ బాకీ తీరుస్తుంది.

మామూలు సిలికాన్ సోలార్ పలకలో వెలుగును పీల్చేదీ విద్యుదావేశాన్ని మోసేదీ ఒకటే పదార్థం. రెండు రకాల సిలికాన్ కలిసే చోట పుట్టే విద్యుత్ క్షేత్రం ఆవేశాలను విడదీస్తుంది. ఈ రంగు పూతలో మాత్రం గెలిపించేది వేగాల తేడా. ఇంత సొగసైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

ఇందులో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది! 1993లో సామర్థ్యాన్ని 10 శాతానికి చేర్చిన రుథీనియం రంగుల పరిశోధన పత్రంలో మొదటి పేరు, ఉస్మానియాలో చదివిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్‌ది. ఎన్3 అనే ప్రసిద్ధమైన రంగు అందులోదే.

రుథీనియం ఖరీదైన లోహం. కానీ నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు కూడా టైటానియాకు అంటుకుని ఇదే పని చేస్తాయి. వచ్చే కరెంటు బాగా తక్కువే, అయినా దారి అదే. ఇలాంటి సోలార్ పలక ఒకటి చేయాలంటే, టైటానియా పొడితో పాటు కరెంటు పారే గాజుపలకలు రెండు, కొంచెం అయోడిన్ ద్రావణం, రెండో పలక మీద రుద్దడానికి పెన్సిల్, పూతను 450 డిగ్రీల దగ్గర కాల్చే కొలిమి కావాలి. నేరేళ్లు దిగగానే మా ఊరి బడిపిల్లలతో ఒకటి చేయించాలి.