పైన రంగు, కింద గీకుడు

తెలుగులో ఇనుముకి తుప్పు 'పడుతుంది'. దయ్యం పట్టినట్టు, చెద పట్టినట్టు. పట్టినదాన్ని వదిలించాలే తప్ప పైన కప్పితే పోదన్న తెలివిడి ఆ క్రియలోనే ఉంది.

విశాఖలో మా అమ్మ ఉండే ఫ్లాట్ సముద్రానికి దగ్గర. ఈమధ్య బాల్కనీ రెయిలింగుకి రంగు వేయించడానికి వెళ్ళాను. మా మూడేళ్ళ పాప అక్కడుంటే పొద్దస్తమానం ఆ ఊచలు పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది. పెయింటర్ రెండు రేట్లు చెప్పాడు. గీకుడుతో ఒకటి, గీకుడు లేకుండా ఒకటి. రెండోది దాదాపు సగం.

"పైన వేసేస్తే కనపడదు కదరా" అంది అమ్మ.

"రంగెవుడైనా ఏత్తాడమ్మా. కూలంతా గీకడానికే" అన్నాడాయన.

గీకుడుకే ఒప్పుకున్నాం. ఆయన ముందు రెయిలింగుని మంచినీళ్ళతో కడిగాడు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమని లాక్కుంటుంది. దాని మీదే ప్రైమర్ వేస్తే తుప్పుకి కావలసిన సరంజామా అంతా లోపల పెట్టి తలుపేసినట్టే. ఆరాక, పొక్కులు లేచిన పాత రంగుని పట్టీతో లేపి, వైరు బ్రష్‌తో రుద్ది, ఎమెరీ కాగితం పట్టాడు. చివర్లో థిన్నర్ గుడ్డతో తుడిచాడు. చేతి జిడ్డున్నా ప్రైమర్ అంటుకోదు. శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి కూడా. ఆ తేమలో ఒక రాత్రి వదిలేస్తే ఇనుము మళ్ళీ ఎర్రబడుతుంది.

తుప్పు తాను తిన్న ఇనుముకి కనీసం రెట్టింపు చోటు తీసుకుంటుంది. అందుకే ఊచలు దిగిన చోట సిమెంటు పగిలింది, పగుళ్ళలో నీళ్ళు నిలిచాయి. గీకేకొద్దీ రెండు ఊచలు అడుగున పెన్సిలంత సన్నగా తేలాయి. అన్నాళ్ళూ పాత రంగు, దాని కింది తుప్పు కలిసి వాటిని నిండుగా చూపించాయి. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పాపని లోపలికి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టింది. వెల్డర్ని పిలిచి ఆ ముక్కలు కోయించి కొత్తవి అతికించాం. పోయిన మందాన్ని ఏ ప్రైమరూ తెచ్చివ్వదు.

తుప్పు మాటెత్తితే ఎవరో ఒకరు ఢిల్లీ ఇనుప స్తంభాన్ని గుర్తుచేస్తారు. దాదాపు 1600 ఏళ్ళుగా నిలబడి ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన ఆర్. బాలసుబ్రమణ్యం దాన్ని లోతుగా పరిశోధించారు. ఆ ఇనుములో సుమారు 0.25 శాతం ఉన్న ఫాస్ఫరస్ వల్ల పైన పల్చటి ఫాస్ఫేట్ పొర ఏర్పడి, అదే కాపలా కాస్తోందని ఆయన వివరణ. మన గ్రిల్లుల ఉక్కులో అంత ఫాస్ఫరస్ ఉండదు. పెళుసవుతుందని తీసేస్తారు. కాబట్టి కాపలా మనమే కాయాలి.

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌కి ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్లే వస్తుంది, అంటే తుప్పుకి దగ్గరి చుట్టం. ఇక తుప్పు పట్టడానికి ఏమీ మిగలని ఇనుమన్నమాట. అయినా అదొక్కటే వానకి ఆగదు. కడుతున్న అపార్ట్‌మెంట్లలో నెలల తరబడి ఆ ఎరుపులోనే వదిలేసిన గ్రిల్లులు చూస్తే ఇప్పుడు మనసు పీకుతుంది.

మూడో రోజుకి మా రెయిలింగు మీద ఎనామిల్ రెండు పూతలు పడ్డాయి. సగం రేటు పనికీ దీనికీ తేడా కంటికి ఆనదు. అది తెలియాలంటే రెండు వానాకాలాలు ఆగాలి.