పొలము పేరు

గుమ్మడిదల నుండి నర్సాపూరు పోవు బాట ప్రక్కన, మొన్నటివరకు జొన్నకంకులూగిన చెలకలో, సున్నము పూసిన హద్దురాళ్లు బారులు తీరి, ఒక్కొక్కదాని నెత్తిన ఒక్కొక్క అంకె వ్రాయబడియుండుట చూచిన దినమున నాకు అన్నము సయింపలేదు. భూమి చేతులు మారుట అనాదిగా ఉన్నదే. దాని పేరు మాసిపోవుటయే నాకు దుస్సహము.

మా పెద్దలకు పేరులేని చెలక లేదు. నాగులపంచమికి పాలుపోసెడి పుట్ట యున్నది పుట్టచెలక. గట్టున ఏనుగంత బండ కూర్చున్నది గుండుకాడి మడి. కరవునాట దున్నుచు దున్నుచు ఎద్దు మోకరిల్లి మరల లేవని తావు ఎద్దుమడి. 1954-55 నాటి ఖస్రా పహాణీ విప్పినచో సర్వే నంబరు, విస్తీర్ణము, తరియో ఖుష్కియో, పట్టాదారెవడో, కాస్తుదారెవడో తెలియును. ఆ ఎద్దు ముచ్చట మాత్రము తెలియదు. అది అవ్వ నోటినుండి మనుమని చెవికి దిగవలసినదే.

ఐర్లండు దేశమున 1937 నుండి 1939 వరకు, తమ యూరి పొలముల పేర్లు, బావుల మహిమలు, పాడుపడిన కోటల కథలు అవ్వతాతల నడిగి వ్రాసికొని రండని బడిపిల్లలకు పని పెట్టిరి. సుమారు 5,000 బడులనుండి 50,000 మంది బాలబాలికలు కూర్చినది నేటికిని ఆ జాతికి పెన్నిధి. మన బిరుదురాజు రామరాజుగారు జానపదుల పాటలను అట్లే దక్కించిరి. పొలముల పేర్లకును అట్టి పుణ్యాత్ములు కావలెను. మనకింత చేరువనే, పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనములను చలిగదులలో భద్రపరచుచున్నారే! గింజకు దక్కిన రక్షణ ఆ గింజ మొలచిన మడి పేరునకేల దక్కరాదు? గుమ్మడిదల బడులలో ఒక్క యేడు, పిల్లకొక నోటుపుస్తకమిచ్చిన చాలును.

ఈ పేర్లన్నియు నాకు నేర్పినవాడు చెరువు తూము కాచిన నీరడి తాత. భుజమున పార, చేత లాంతరు. కాలువలో పాదముంచి, నీరు చీలమండ దాటినదో లేదో చూచుకొని, "ముందుగాల ఎద్దుమడి తడువనీ బిడ్డా, గుండుకాడిదానికి ఆ ఎన్క ఇడుస్త" అనెడివాడు. ఆపై లాంతరు వత్తి తగ్గించి గట్టున గొంతుకూర్చుండెడివాడు. ఎండిన మడిలో దిగు నీరు గుటకలు మ్రింగునట్లు సవ్వడి చేయును. నిండిన మడిలో చేరు నీటికి సవ్వడియే యుండదు. చీకటిలో ఆ నిశ్శబ్దమునకై తాతయు నేనును చెవియొగ్గి కూర్చుండెడివారము. చెరువు కట్టమీది తాటిమట్టలు గాలికి గలగలలాడినచో, ఉండుమని వానికి చేయెత్తి సైగ చేసెడివాడు.