నోరులేని ప్రయాణికుడు

ఆకాశయానం చేసే యోగం మనుషులకంటే ముందు పశుపక్ష్యాదులకే పట్టింది. 1783 సెప్టెంబరు 19న ఫ్రాన్సులోని వెర్సాయిలో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి బెలూను కింద బుట్ట కట్టి, అందులో ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును ఎక్కించారు. సుమారు 8 నిమిషాలు ఎగిరి అవి ప్రాణాలతో దిగాకే మనిషికి ధైర్యం వచ్చింది. 1957లో రష్యావాళ్లు లైకా అనే కుక్కను రోదసిలోకి పంపారు. దాన్ని తిరిగి రప్పించే ఏర్పాటే ఆ నౌకలో లేదు. వస్తావా అని గొర్రెనూ అడగలేదు, కుక్కనూ అడగలేదు.

పుస్తకాల్లో చదివినన్నాళ్లూ ఇది దూరపు సంగతే. గోదావరిఖనిలో మా మేనమామ బాయి పని నుంచి రిటైరై క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు మా ఇంటి సమస్య అయింది. కొడుకు ఢిల్లీ రమ్మని విమానం టిక్కెట్లు తీస్తానన్నాడు. మరి ఏడేళ్లుగా గడప కాచిన టైగర్ సంగతేమిటి? జాతికుక్క కాదు, ఊరకుక్కే. “ఈడనే ఇడిసిపెట్టుండ్రి, ఎవలో ఒకలు ఇంత బువ్వ పెట్టకపోరు” అన్నారు ఇరుగుపొరుగు. “ఫస్ట్ షిఫ్టుకు పొద్దుగాల నన్ను సాగనంపింది అదే. దాన్నిడిసి నేను పోను” అన్నాడు మామ.

బసంత్‌నగర్‌లో రన్‌వే ఉంది, ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగేవి. ఇప్పుడు ప్రయాణికుల విమానాలు లేవు గనుక శంషాబాదే దిక్కు. రూల్సు చదివిపెట్టే పని సైన్సు విద్యార్థినని నాకు అప్పగించారు. చిన్న కుక్కనైతే కొన్ని విమానాల్లో మనతోపాటే కూర్చోబెట్టుకోవచ్చు. ఆకాశా ఎయిర్ 2022 నవంబరు నుంచి ఈ సౌకర్యం ఇచ్చింది. టైగర్ 18 కిలోలు. దాని చోటు కింద, సామాన్ల గదిలోనే.

ఈ మాట చెప్పగానే మామ అడిగిన మొదటి ప్రశ్న: “కింద గాలి ఆడుతదా?”

జీవితమంతా భూమి కింద పనిచేసిన మనిషికే ఆ ప్రశ్న ముందు తోస్తుంది. ప్రాణులను ఉంచే ఆ గదిలోనూ గాలి ఒత్తిడి పైన ప్రయాణికుల దగ్గర ఉన్నట్టే ఉంటుందనీ, వెచ్చదనం కూడా ఉంచుతారనీ చెప్పాను. అసలు ప్రమాదం ఎగిరేటప్పటికంటే, ఎండలో నేలమీద ఎదురుచూసేటప్పుడే ఎక్కువ. అందుకని తెల్లవారుజాము విమానం ఎంచుకున్నాం. నిద్రమందు ఇద్దామని అత్త అంటే పశువుల డాక్టరు వద్దన్నారు: మత్తులో శ్వాస, రక్తపోటు తగ్గితే పైన చూసేవారుండరు. రేబిస్ టీకా కాగితం, ఆరోగ్య సర్టిఫికెట్టు ఆయనే రాసిచ్చారు.

ఇక పెట్టె. అందులో కుక్క నిలబడాలి, తిరగాలి, పడుకోవాలి. అది అంతర్జాతీయ నియమం. మామ దానికి మరొక నియమం కలిపాడు. “మనిషినే ట్రెయినింగు లేకుండ బాయిల దించరు, నోరులేనిదాన్ని ఒక్కసారే ఎట్ల మూస్త?” అని నెల ముందే పెట్టె తెచ్చి వాకిట్లో తలుపు తీసిపెట్టాడు. బువ్వ అందులోనే. తన పాత డ్యూటీ చొక్కా పక్కగా పరిచాడు. మొదట అయిదు నిమిషాలు తలుపు వేశాడు, తర్వాత అరగంట, తర్వాత రాత్రంతా. మా ఊళ్లో కోడెను మొదటిరోజే కాడికి కట్టి దున్నించరు. మా నాన్న చేసేదీ ఇదే పద్ధతి.

శంషాబాదులో టైగర్‌ను కాటామీద తూచి, అదనపు సామాను కింద రసీదు రాసిచ్చారు. ఢిల్లీలో పెట్టె తెరిస్తే ముందు నీళ్లు తాగిందట, తర్వాత మామ చెప్పుల దగ్గర పడుకుందట.

అందరికీ విమానం తాహతు ఉండదు. రామగుండం స్టేషనులో రైలెక్కినా, కుక్కకు బ్రేక్‌వ్యానులో పెట్టె ఉంటుంది. అదీ కుదరకపోతే, దానికి పరిచయమైన ఇంటికి నెల ముందునుంచే అలవాటు చేయవచ్చు. మన కాలనీల్లో రిటైరైనవాళ్ల క్వార్టర్లకు తాళాలు పడ్డాక కూడా ఆ గడపల్లోనే కూర్చునే కుక్కలను చూస్తూనే ఉన్నాం. వాటికి కావలసింది విమానం కాదు. “గాలి ఆడుతదా?” అని వాటి తరఫున ముందే అడిగే మనిషి ఒకడు.