కోరుట్ల దారిలో విన్న గుర్రం కథ

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్ల మరమగ్గాల వీధుల్లో గల్ఫ్ ప్రస్తావన లేని ఇల్లు అరుదు. ఈమారు ప్రయాణంలో మేము విన్నది మాత్రం వీసాల గోడు కాదు. కోరుట్లలో బస్సెక్కిన ఒక పెద్దాయన, దుబాయిలో యౌవనమంతా గడిపినవారు, 'దుబాయి మిలీనియం' అనే గుర్రం ముచ్చట ఎత్తుకున్నారు.

1996లో పుట్టిన దాని తొలి పేరు యాజర్. యజమాని షేఖ్ ముహమ్మద్ బిన్ రాషిద్ దాని సత్తా చూసి పేరు మార్చారు. పరుగెత్తింది పది పోటీలు. 1999 ఎప్సమ్ డెర్బీలో తప్ప అన్నిటా గెలుపే. 2000 మార్చిలో నాద్ అల్ షెబా మైదానాన జరిగిన దుబాయి వరల్డ్ కప్‌లో రెండు కిలోమీటర్లను రెండు నిమిషాల లోపే ముగించింది.

"మౌల్వీసాబ్, అది చూసినా గునాహేనా?" అని అడిగారాయన.

దైవప్రవక్త (స) స్వయంగా గుర్రాల పోటీలు పెట్టించారు. తర్ఫీదు పొందినవి హఫ్‌యా నుండి సనియతుల్ వదా దాకా పరుగెత్తాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆనాటి రౌతుల్లో ఒకరు. పాలకుడిచ్చే బహుమతి వేరు, చూసేవారు ఒడ్డే డబ్బు వేరు. మాయిదా సూరా 90వ ఆయత్ నిషేధించింది జూదాన్ని. దుబాయి మైదానంలో పందెం కాయనివ్వరు. మన మలక్‌పేటలోనో, గుర్రాల కంటే వేగంగా ఇళ్లు కూలుతాయి!

2000 ఆగస్టులో ఆ గుర్రానికి కాలు విరిగింది. 2001 ఏప్రిల్‌లో, మేత గుర్రాల పేగులను చచ్చుబరచే జబ్బుతో మరణించింది. షేఖ్ సంపద దానిని ఆపలేకపోయింది. మిగిలింది ఒకే ఏటి సంతానం. అందులో దుబావీ అనే పిల్ల 2005లో ఐర్లండులో గెలిచి, ఆపై ఎందరో విజేతలకు తండ్రి అయింది.